భయానికి మెంతి లడ్డూలు

నాందేడ్ ధాన్యం బజారు నవా మొండాలో కొత్త కందుల వేలం మొదలు కాబోతోంది. శంకర్రావు ఒక కుప్ప ముందు గొంతుక్కూర్చుని, అరచేతిలో నాలుగు గింజలు పోసుకొని, పొట్టు ఊది, ఒకటి పంటికింద పెట్టాడు. కటుక్కుమంటే సరుకు ఎండినట్టు, మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు. ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉండగానే వెనకనుంచి కాశీరాం వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“కాయ్ శంకర్రావ్, శుక్కురారం నాడు మబ్బులల్లకెళ్లి పోతున్నవంట?”

గింజ నమలకుండానే గొంతులోకి జారిపోయింది. శంకర్రావు దగ్గి, కళ్ళనీళ్ళు తుడుచుకొని, “ఎవలు చెప్పిండ్రు?” అన్నాడు.

“ఎవలు చెప్పుడేంది? నీ ఇంటామె, మా అనుసూయక్క, పొద్దుగాల పాలోనికి చెప్పింది. ఆడు మొండా మొత్తం పాలు పోస్తడు గద!”

కాశీరాంది పక్క దుకాణమే. ఇద్దరిదీ చిన్ననాటి స్నేహం, పెద్దయ్యాక పోటీ. స్నేహం వల్ల పోటీ తగ్గలేదు, పోటీ వల్ల స్నేహం చెడలేదు. ఒకరు మంచి కుప్ప కొంటే రెండోవాడికి ఆ పూట అన్నం సయించదు. అయినా చాయ్ మాత్రం ఒకే కెటిల్లోంచి తాగుతారు.

“విమానం నీ కోడలే నడుపుతదా?” అడిగాడు కాశీరాం.

“నడుపుతది.”

“ఒక్కతేనా?”

“పక్కపొంటి పెద్ద సారు ఉంటడు. ఇద్దరు కలిసి నడుపుతరు.”

“అట్ల చెప్పు. పెద్ద సారు ఉంటడన్నట్టు.” కాశీరాం ఊపిరి వదిలిన తీరు శంకర్రావుకి నచ్చలేదు.

“నా కోడలు గూడ సారే” అన్నాడు గట్టిగా. గోనె సంచులు దులుపుతున్న హమాలీలు కిసుక్కున నవ్వారు.

“కోపమెందుకయ్యా? నువ్వు కూసుంటున్నవ్ గద, మేం గూడ కూసుంటం. మామే కూసోకుంటే వేరేటోళ్ళు ఎట్ల కూసుంటరు చెప్పు!” అని కాశీరాం కుప్ప వైపు తిరిగాడు.

మనలో మన మాట, శంకర్రావుకి విమానమంటే చచ్చే భయం. మాహూర్ ఘాట్ ఎక్కే బస్సులో లోయ వైపు సీటు భార్యకిచ్చి, తాను నడవ వైపు కూర్చొని, రేణుకాదేవి పేరు జపించుకునే మనిషి. గోదాములో గోనెల దొంతి ఎక్కాల్సి వస్తే ఇంకొకణ్ణి ఎక్కించి, కిందనుంచి కేకలు వేసే మనిషి. ఇంతకాలం ఈ సంగతి పొక్కలేదంటే ఆయనది నేల మీద చేసే వ్యాపారం కాబట్టి పొక్కలేదు. కోడలు వచ్చి ఆ నేలని కాస్తా కాళ్ళ కిందనుంచి లాగేస్తుందని ఎవరనుకున్నారు!

ఆ కోడలు కోమల్ పైలట్, పుట్టినూరు కిన్వట్. శంకర్రావు కొడుకు స్వప్నిల్ ని చేసుకొని ఏడాది కాలేదు. ఇద్దరూ ఉండేది హైదరాబాద్ లో. నాలుగు రోజులు సెలవు దొరికి అత్తవారింటికి వచ్చింది. ఆ సాయంత్రం శంకర్రావు ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తాకోడళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చొని మెంతికూర తుంచుతున్నారు. అనుసూయాబాయి పక్కన మూడు చీరలు పరిచి ఉన్నాయి.

“అహో, విమానంల ఏ చీర మంచిగుంటది? పైనకెళ్లి కిందికి చూస్తే ఏ రంగు కనవడ్తది?” అంది భర్తని చూడగానే.

“పైనకెళ్లి నువ్వు చూస్తవ్, నిన్నెవలు చూస్తరు?”

కోమల్ నవ్వి ఫోన్ ముందుకు చాపింది. “మామా, మీకు కిటికీ సీటు చేసిన. రెక్కకు ముంగట. గోదారి మొత్తం కనవడ్తది.”

శంకర్రావు అరికాళ్ళలో చెమట పట్టింది. గోదారిని గట్టు మీద నిలబడి చూడ్డమే ఆయనకిష్టం. “నాకెందుకు బిడ్డా కిటికీ... మీ అత్తమ్మకియ్యి” అన్నాడు.

“ఇద్దరు ఎక్కాలె మామా. అత్తమ్మ ఒక్కతే ఎక్కితే గాదు.” కోమల్ మెంతి కాడలు ఒకవైపు నెట్టి, తల ఎత్తకుండానే అంది. “నేను నాందేడ్ బండి నడుపుడు గిదే మొదలు. మా కంపెనీల ఒకాయన అడిగిండు, మీ ఇంటోళ్ళు ఎప్పుడన్న నువ్వు నడిపే బండి ఎక్కిండ్రా అని. లేదన్న. నవ్విండు.”

“ఎందుకు నవ్విండు?” అంది అనుసూయాబాయి.

“ఇంటోళ్ళకే నమ్మకం లేదన్నట్టు నవ్విండు అత్తమ్మా.”

ఇద్దరూ శంకర్రావు వైపు చూశారు. ఆయన నోరు ఆయన్ని అడగకుండానే మాట్లాడేసింది. “ఎందుకెక్కం! మస్తుగ ఎక్కుతం. కిటికీ పొంటే కూసుంటం.”

ఆ రాత్రి ఆయనకి అన్నం దిగలేదు. మొండా అంతటా తెలిసిపోయింది. ఇప్పుడు జ్వరమనో, సరుకు వచ్చిందనో ఆగిపోతే కాశీరాం నోరు మూయడం ఎవరి తరమూ కాదు. అదైనా పడొచ్చు. మామకి నా మీద నమ్మకం లేదని ఆ పిల్ల అనుకుంటే? అది మాత్రం ఆయన వల్ల కాదు.

మర్నాడు వజీరాబాద్ లో అభయ్ దుకాణానికి వెళ్ళాడు. అభయ్ కసరత్తు చేసే కుర్రాళ్ళకి ప్రోటీన్ పొడులూ, విటమిన్ మాత్రలూ అమ్ముతాడు. గోడ నిండా బిందెలంతేసి డబ్బాలు, ఒక్కో డబ్బా మీద కండలు పొంగించిన ఒక్కో వస్తాదు. వాళ్ళ మధ్య ధోతీ కట్టుకున్న శంకర్రావు తప్పిపోయి వచ్చినట్టు నిలబడ్డాడు.

“సేట్! మీరేందిట్ల?”

“నాకు గాదు. నాకొక దోస్తున్నడు. ఆయనకు విమానమంటే జర భయం. ఇంగ్లీషు మందులొద్దంటడు. తిండి లెక్క ఉండేటిది ఏమన్న ఉంటదా?”

“దోస్తా? ఏం వయసుంటది?”

“నా అంతే.”

అభయ్ ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, నవ్వు మింగేసి, అలమారలోంచి ఒక సీసా తీశాడు. “భయం భయమంటరు గని, సేట్, ఒంట్ల మెగ్నీషియం తక్కువైనా నరాలు గుంజుతయ్. ఇండ్ల మెగ్నీషియం ఉన్నది, అశ్వగంధ ఉన్నది, చాయ్ ఆకులకెళ్లి తీసిన ఇంకేందో ఉన్నది. మనసు సల్లబడ్తది. మనోళ్ళు మస్తు మంది తీస్కపోతున్నరు.”

“భయం పోతదా?”

“నేనైతే గ్యారంటీ ఇయ్య. కొంతమందికి పోతదంట. నిద్ర మాత్రం మస్తు పడ్తది. ఇది తిన్నంక బండి నడపొద్దని మీ దోస్తుకు చెప్పుండ్రి.”

“ఆయనేం నడుపుతడు? నడపనీకె వేరేటోళ్ళు ఉన్నరు గద!” అని శంకర్రావు తన మాటకి తానే నవ్వుకుంటూ సీసా జేబులో పెట్టుకున్నాడు.

చిక్కు అక్కడితో తీరలేదు. ఇంట్లో మాత్ర కనబడిందంటే అనుసూయాబాయి ఊరుకోదు. ఏం రోగం, ఎప్పట్నుంచి, నాకెందుకు చెప్పలేదని మొదలుపెట్టి, సాయంత్రానికల్లా గల్లీలో ఉన్న ఆడవాళ్ళందరినీ మంచం చుట్టూ కూర్చోబెడుతుంది. శంకర్రావు దుకాణం వెనక గదిలో తలుపు దగ్గరేసుకొని ఆలోచించాడు. ఎదురుగా ఇంటినుంచి తెచ్చుకున్న మెంతి లడ్డూల డబ్బా ఉంది. చలికాలం వచ్చిందంటే అనుసూయాబాయి మెంతిపిండి, గోందు బంక, బెల్లం, నెయ్యి వేసి లడ్డూలు కడుతుంది. పొద్దున్నే ఒకటి తింటే నడుము గట్టిపడుతుందంటుంది. ఆ చేదులో ఇంకే చేదు కలిసినా నాలుక కనిపెట్టలేదు.

అంతే. డబ్బాని ఎండలో పెట్టి నెయ్యి కరగనిచ్చాడు. ఒక్కో లడ్డూ చిదిపి, ఒక్కో గొట్టం మాత్ర రెండు కొసలూ పట్టి మెలితిప్పి, లోపలి పొడి అందులో రాల్చాడు. పొడికి ఎండుగడ్డి వాసన. బొటనవేలితో బాగా మెదిపి మళ్ళీ ఉండలు చుట్టాడు. ఎన్నో ఏళ్ళుగా ధాన్యం పిసికి చూసిన చేతులు గదా, లడ్డూలు గుండ్రంగా రాలేదు, కాస్త అణిగినట్టు వచ్చాయి. అయినా ఆ పనితనానికి ఆయనకి భలే ముచ్చటేసింది.

పరీక్షకని ఒకటి తినేసి వేలానికి వెళ్ళాడు. మొదటి కుప్ప పాడారు. రెండో కుప్ప పాడుతుండగా చలిఎండ వీపుకి వెచ్చగా తగిలింది. తర్వాత ఏం జరిగిందో ఆయనకి తెలియదు. కళ్ళు తెరిచేసరికి గోనెల మీద ఒరిగి ఉన్నాడు, మొండాలోకెల్లా మేలైన కుప్ప కాశీరాం సంచుల్లోకి ఎక్కుతోంది.

“పట్టపగలే గుర్రుపెట్టినవ్, లేపబుద్ధి గాలే” అన్నాడు కాశీరాం సంతోషంగా.

శంకర్రావు అక్కడే కూర్చొని కళ్ళు మూసుకొని విమానాన్ని తలచుకున్నాడు. అరికాళ్ళలో చెమట. భయం ఎక్కడిదక్కడే ఉంది, కాకపోతే ఇప్పుడు ఆవులిస్తూ ఉంది. ఒకటికి ఇంతే గాని రెండు తింటే ఏకంగా హైదరాబాద్ లోనే కళ్ళు తెరవొచ్చు కదా అనుకున్నాడు. నిద్రలో భయమేముంటుంది! మిగిలిన లడ్డూలు ఇంటికి తీసుకెళ్ళి, పడకగదిలో బీరువా మీద పాత బొంతల వెనక దాచాడు.

బుధవారం పొద్దున్నే కోమల్ రైలెక్కి హైదరాబాద్ వెళ్ళిపోయింది. శంకర్రావు మొండాకి పోతూ పోతూ, “శుక్కురారం ఎయిర్ పోర్టుల కలుద్దం, బిడ్డా” అని గుండె దిటవు చేసుకొని మరీ చెప్పి వెళ్ళాడు.

గురువారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి, చెయ్యి కడగక ముందే కుర్చీ వేసుకొని బీరువా మీదికి చూశాడు. డబ్బా ఉంది. తీసి మూత తెరిచాడు. లోపల తుడిచినట్టు ఖాళీ.

“అనుసూయా!”

ఆమె కుంకుమ చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వింది. “దొరికిండు దొంగ! బొంతల ఎనక లడ్డూలు దాచుకుంటరా, ఈ వయసుల?”

“యాడికి పోయినయ్ అవి?”

“యాడికి పోతయ్? నిన్న పిల్ల పోయేటప్పుడు ఒడి నింపాలె గద. బియ్యం, కొబ్బరికాయ, రైకముక్క అన్ని పెట్టిన. తీపిది చూస్తే వంటింట్ల లడ్డూలు అయిపోయినయ్. కోడలిని ఉత్త ఒడితోని ఎట్ల తోలాలె? బొంత తియ్యవోతే మీ డబ్బా దొరికింది. రేణుకమ్మ తల్లే సూపించిందనుకొని అన్ని దాని ఒళ్ళె పోసిన.”

శంకర్రావు కుర్చీలో కూలబడ్డాడు. ఇది తిన్నాక బండి నడపొద్దని అభయ్ చెప్పాడు. ఆ పిల్ల నడిపేది స్కూటరా, సైకిలా? రేపే విమానం!

“ఏమైంది? అహో, ఏమైంది మీకు?”

జవాబు చెప్పకుండా ఫోన్ తీశాడు. కోమల్ ఫోన్ బంద్ ఉంది. స్వప్నిల్ కి చేశాడు.

“బాపూ, ఆఫీసుల ఉన్న” అంటూ స్వప్నిల్ పెద్దగా ఆవులించాడు. “కోమల్ క్లాసుల ఉన్నది, ఫోన్ తియ్యనియ్యరు. అమ్మకు చెప్పు, లడ్డూలు మస్తున్నయ్. పొద్దుగాల రెండు తిన్న. ఏం చలో ఏమో బాపూ, కుర్చీల కూసుంటే చాలు, కండ్లు మూస్కపోతున్నయ్.”

“కోమల్ తిన్నదా?”

“ఏమో మరి. డబ్బాల పెట్టుకొని పోయింది.”

మొండాకి పోలేదు. వరండాలో కూర్చొని, ఫోన్ మోకాలి మీద పెట్టుకొని, మధ్యమధ్య నొక్కి చూస్తూ ఉన్నాడు. అనుసూయాబాయి రెండుసార్లు వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చెప్పక తప్పదు. చెబితే ఇన్నాళ్ళ పరువు పోతుంది. చెప్పకపోతే? ఆ ఆలోచన అక్కడితో ఆపి మళ్ళీ ఫోన్ నొక్కాడు. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి పాకే వేళకి ఫోన్ మోగింది.

“మామా, ఏమైంది? అన్నిసార్లు చేసిండ్రు. అత్తమ్మ మంచిగున్నదా?”

“ఆ లడ్డూలు తినకు బిడ్డా.”

“ఎందుకు?”

“అండ్ల మందున్నది.”

“ఏం మందు?”

శంకర్రావు పక్కకి చూశాడు. అనుసూయాబాయి గుమ్మం పట్టుకొని వింటోంది. “భయానికి తినే మందు” అన్నాడు.

“భయమెవలికి మామా?”

ఇంత చిన్న ప్రశ్నకి ఇంత పెద్ద జవాబుంటుందని ఆయనకి ఆ క్షణాన తెలిసింది.

“నాకు. విమానమంటే నాకు మస్తు భయం. నిన్న గాదు, మొన్న గాదు, మొదటికెళ్లి ఉన్నది. నీకెట్ల చెప్పాలెనో తెల్వక, గోలీలు తెచ్చి లడ్డూలల్ల కలుపుకున్న. మీ అత్తమ్మకు తెల్వక నీ ఒళ్ళె పోసింది.”

అవతల కోమల్ గొంతు తగ్గించి అడిగింది.

“నా మీద నమ్మకం లేకనా మామా?”

“నీ మీద గాదు బిడ్డా, ఆ గాలి మీద! నువ్వు రైలు నడిపితే ఇంజను మీద కూసుంట.”

కోమల్ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి శంకర్రావు సగం బతికాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

“పొద్దుగాల చాయ్ తోని ఒకటి తిన్న మామా. క్లాసుల కండ్లు మూస్కపోతుంటే చలి అనుకున్న. ఆ సీసా ఫొటో పంపుండ్రి. మా డాక్టర్ కు చెప్పాలె.”

“చెప్తే ఏమైతది?”

“రేపు నడపనియ్యరు.”

శంకర్రావు లేచి నిలబడ్డాడు. “వద్దు బిడ్డా! ఒక్క లడ్డూయే గద. నువ్వు జెప్పకుంటే ఎవలికి తెలుస్తది? రేపటికి ఏం ఉండది. ఆ నవ్వినోడు మళ్ళ నవ్వుతడు...”

“నాకు తెలుసు గద మామా” అంది కోమల్. “డెబ్బై మంది కూసుంటరు. అండ్ల మీరు గూడ ఉంటరు.”

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన రోజు గదా! అయినా సోమవారం మళ్ళీ తన వంతు ఉందని, అత్తమ్మ చీరని అప్పటికి దాచమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

అనుసూయాబాయి ముందు నుదురు కొట్టుకుంది. తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత నిజంగానే ఏడ్చింది.

“బొంతల ఎనక దాచుకుంటరా భయాన్ని? నాకు చెప్పొద్దా మీరు? మాహూర్ బస్సుల ఎన్నిసార్లు నా చెయ్యి నలిపిండ్రు, నాకు తెల్వదనుకున్నరా? అంతా తెలుసు.”

“తెలిసి ఎందుకు ఊకున్నవ్?”

“మీరే చెప్తరని” అంది ముక్కు చీదుకుంటూ. “పాపం, ఆ పిల్ల! అది ఎంత సంబురపడ్డది!”

ఆ మాట శంకర్రావుకి సూటిగా తగిలింది. తన సిగ్గు కోసం ఆ పిల్ల సంబరాన్ని చెడగొట్టాడు. ఆ సాయంత్రమంతా ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం ఆయన్ని మొండాలో చూసి జనం ఆశ్చర్యపోయారు. కుప్పల చుట్టూ వ్యాపారులు మూగి ఉన్నారు. సరిగ్గా అప్పుడే విమానం మొండా మీదుగా గుండ్రంగా తిరిగి వెళ్ళింది. కాశీరాం చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకొని చూశాడు.

“అగో, విమానం గాడున్నది, మామ గీడున్నడు! ఏమైంది శంకర్రావ్?”

“కోడలు ఇయ్యాల నడుపుతలేదు. సోమారం నడుపుతది.”

“దించేసిండ్రా?” కాశీరాం గొంతు తగ్గించాడు గాని అందరికీ వినబడేంతగానే తగ్గించాడు. “నేను ముందే అనుకున్న. ఆడపిల్ల గద, పెద్ద బండి. గాబరైనట్టున్నది. తప్పు ఆ పిల్లది గాదులే.”

నలుగురు తలలూపారు. ఒకరు అయ్యో పాపం అన్నారు. కోమల్ ని చూసి కూడా ఎరగని వాళ్ళు, ఒక్క ముక్క విని, తీర్పు చెప్పేసి, దయ కూడా చూపించేస్తున్నారు. శంకర్రావుకి చెవులు వేడెక్కాయి. చేతిలో గింజలు కుప్ప మీద పారేసి లేచి నిలబడ్డాడు.

“గాబరైంది ఆ పిల్లకు గాదు. నాకు.”

“ఏందీ?”

“నాకు! విమానమంటే నాకు కాళ్ళల్ల చెమటలు వడ్తయ్. అభయ్ దగ్గర భయానికని గోలీలు కొని మెంతి లడ్డూలల్ల కలుపుకున్న. మా ఇంటామె అవి కోడలి ఒళ్ళె పోసింది.” ఒక్కో మాట చెబుతుంటే గుంపులో ఒక్కో నవ్వు లేస్తోంది. ఆయన ఆగలేదు. “మొన్న ఈడ గుర్రుపెట్టి పన్నది గూడ ఆ లడ్డూ తినే. నవ్వుండ్రి, మంచిగ నవ్వుండ్రి. గని ఒకటి ఇనుండ్రి. ఆ పిల్ల ఒక్కటే లడ్డూ తిన్నది. నోరు మూస్కుంటే ఎవలికీ తెల్వకపోవు. నేనే అన్న, చెప్పకు బిడ్డా అని. ఆమె ఇనలే. నేను గిట్ల తిన్న, నేను నడపొద్దు అని తానే చెప్పి దిగిపోయింది. ఏడాదికెళ్లి చూసిన దినం ఇడిసిపెట్టింది.”

నవ్వులు సద్దుమణిగాయి. శంకర్రావు కాంటా దగ్గర నిలబడ్డ ఎంకన్న వైపు చెయ్యి చూపించాడు. మొండాలో బస్తాలు తూచేది ఎంకన్నే.

“ఎంకన్న తానే పిలిచి, సేట్, నా కాంటల ఫరక్ ఉన్నది, ఇయ్యాల తూకం ఆపుండ్రి అన్నడనుకో. రేపటికెళ్లి ఆని తూకం మీద అనుమానపడ్తవా కాశీరాం?”

కాశీరాం గడ్డం గోక్కున్నాడు. “పడ.”

“గంతే మరి” అన్నాడు శంకర్రావు. చెబుతూ చెబుతూ ఉండగానే ఆ మాట ఆయనకి కూడా అప్పుడే తెలిసినట్టయింది. గురువారం సాయంత్రం నుంచి తనలో ఏదో మారింది, అదేమిటో ఆయనకి ఇప్పటిదాకా అంతు పట్టలేదు. ఒక్క లడ్డూకే దిగిపోయిన పిల్ల చేతిలో డెబ్బై మంది ఉంటారు. భయం పోలేదు. కాని ఇప్పుడు ఆ భయంతోనే ఎక్కొచ్చు అనిపించింది.

సోమవారం నాటికి డాక్టరు కోమల్ కి సరేనన్నాడు. అనుసూయాబాయి ఆకుపచ్చ చీర కట్టింది. హైదరాబాద్ లో పనుందని కాశీరాం కూడా అదే విమానానికి టికెట్ తీసుకున్నాడు. ఏం పని అని అడిగితే, “ఉన్నది లే” అన్నాడు.

బస్సు దిగి విమానం వైపు నడుస్తుండగా శంకర్రావుకి కోడలు కనబడింది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. చేతిలో చిన్న టార్చి పట్టుకొని విమానం చుట్టూ తిరుగుతోంది. రెక్క కిందికి వంగి చూసింది. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు మీద వేళ్ళతో రాసి చూసింది. లేచి రెండడుగులు వేసి, ఏదో అనుమానం వచ్చినట్టు మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి చూసింది. కుప్ప ముందు కూర్చున్నప్పుడు తాను కూడా అంతే. చుట్టూ ఎంతమంది ఉన్నా కనబడరు. ఆయన పిలవలేదు.

లోపల కిటికీ సీటు అనుసూయాబాయికిచ్చి, తాను నడవ వైపు కూర్చొని బెల్టు పెట్టుకున్నాడు. విమానం పరుగెత్తింది. ముక్కు పైకి లేచింది. “అనుసూయా, భయమైతుంది” అన్నాడు బయటికే. “కానియ్యుండ్రి” అందామె కిటికీలోంచి కళ్ళు తిప్పకుండా, చెయ్యి మాత్రం ఇటు చాపి. పక్క వరస చివర్లో కాశీరాం ముందు సీటుని రెండు చేతులా పట్టుకొని, కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

“కాశీరాం, భయమైతుందా?”

“నాకా? లేదు లేదు... ” అని ఒక కన్ను తెరిచాడు. విమానం మబ్బులో ఒకసారి ఊగింది. “అయితుంది రా! మస్తయితుంది.”

“నాక్కూడ. చెయ్యి ఇటియ్యి.”

నడవకి అడ్డంగా ఇద్దరు మొండా వ్యాపారులు చేతులు పట్టుకొని కూర్చున్నారు. నీళ్ళ సీసాల బండి తోసుకొచ్చిన పిల్ల నవ్వాపుకొని పక్కనే కాసేపు ఆగింది. అంతలో పైనుంచి కోమల్ గొంతు వినబడింది. ఇంగ్లీషులో, హిందీలో, మరాఠీలో ఎంత ఎత్తున పోతున్నామో చెబుతోంది. శంకర్రావు ఎత్తు సంగతి వినకుండా గొంతు మాత్రం విన్నాడు. హైదరాబాద్ లో చక్రాలు నేలకి తాకేదాకా ఆయన ఒక్క కునుకు తీయలేదు, భయం ఒక్క నిమిషం ఆగలేదు.

దిగేటప్పుడు ముందు తలుపు పక్కన కోమల్ టోపీ చేత్తో పట్టుకొని నిలబడి ఉంది. కళ్ళు మామ ముఖాన్నే వెతుకుతున్నాయి.

“ఎట్లుండె మామా?”

వెనక జనం ఆగిపోయారు. శంకర్రావు ఎవరినీ పట్టించుకోలేదు. 

“భయమైంది బిడ్డా. ఎక్కినకాడికెళ్లి దిగేదాక మస్తు భయమైంది” అన్నాడు గట్టిగా, అందరూ వినేలా. కోమల్ ముఖం చిన్నబోయేలోపే మళ్ళీ అన్నాడు. “వాపస్ బండి నువ్వు ఎప్పుడు నడుపుతున్నవ్?”

“బుధారం.”

“అయితే మాకు బుధారానికే టికెట్లు చెయ్యి. ఇంకెవలన్న నడిపితే మాత్రం రైల్లనే పోతం.”

“రెండా మామా?” అంది కోమల్. నవ్వుతోందో, ఏడుస్తోందో ఆమెకే తెలియకుండా ఉంది.

“మూడు” అన్నాడు వెనకనుంచి కాశీరాం, ఇంకా వణుకుతున్న గొంతుతో.